ఒత్తులాయన కంప్యూటరు

ఒత్తులాయన అసలు పేరు ఓటర్ల జాబితాకు తప్ప ఎవరికీ గుర్తులేదు. ముప్పై ఏళ్ళుగా ఆయన చేసే పని ఒక్కటే. ఎవరో రాసిచ్చిన కాగితాలను కంప్యూటర్లో కొట్టి, పేజీలు పెట్టి, రెండు వీధుల అవతల ఉన్న ప్రెస్సుకు ఇవ్వడం. ప్రశ్నపత్రాలు, పెళ్ళి కార్డులు, దగ్గుమందు సీసాల మీద చీటీలు, చావు కబుర్లు, ఏదైనా సరే. ఎవరి ఏడుపు ఎవరి నవ్వు అన్నది ఆయనకు పట్టేది కాదు, ఒత్తు సరిగ్గా పడిందా లేదా అన్నదే పట్టేది. ఒత్తు పక్కకు జరిగినా, లేకపోయినా, పంటికింద రాయి పడ్డట్టు మొహం పెట్టేవాడు. వెనకటికి ఎవరో టైపిస్టు పెళ్ళి కార్డులో ‘వధువు’ చివరక్షరాన్నీ, ధ కొమ్మునూ మింగేసి ‘వధ’ అని అచ్చు వేయించాడట. ఆ కథ దొరికినవాడికల్లా చెప్పి, వినేవాడి కంటే ముందు తనే నవ్వేవాడు.

ఆయన టైపు పద్ధతి ఇప్పటివాళ్ళకు చెప్పినా బుర్రకెక్కదు. ఇప్పుడైతే ‘అమ్మ’ అని కొడితే అమ్మ తనంతట తానే వచ్చి కూర్చుంటుంది, ఒత్తుతో సహా. ఆయన ఫాంటులో అక్షరం ముక్కలు ముక్కలుగా ఉండేది. తలకట్టుకొక మీట, గుడికొక మీట, కొమ్ముకొకటి. ఒత్తులన్నీ షిఫ్టు మీట కింద. అంటే ఒక చేత్తో షిఫ్టు పట్టుకుని, రెండో చేత్తో అక్షరం మీట కొడితేనే ఒత్తు పడుతుంది. మేస్త్రి ఇటుకలు పేర్చినట్టు పేర్చుకుంటూ పోవాలి. ఏ ముక్క ఏ మీట కింద ఉందని అడిగితే ఆయన చెప్పలేడు. మీటల మీది ఇంగ్లీషు అక్షరాలు ఎప్పుడో అరిగిపోయి గులకరాళ్ళలా నున్నగా అయ్యాయి. చేతులు వాటంతట అవే పోయేవి.

ఆ ముప్పై ఏళ్ళ పద్ధతికి ప్రెస్సు యజమానురాలు ఒక్క ఫోనుతో చరమగీతం పాడింది.

“వచ్చే నెల ఒకటో తారీకు నుంచి కొత్త అక్షరాల్లో పంపితేనే తీసుకుంటామండీ. మీ పాత ఫాంటుని మా కొత్త మిషన్లు చదవట్లేదు. ఏమనుకోకండి.”

“ఏమనుకుంటానమ్మా,” అన్నాడు ఒత్తులాయన. ఫోను పెట్టేశాక చాలా అనుకున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం బావమరిది వచ్చాడు. మూల మీద జిరాక్సు కొట్టు అతనిది. నోట్లో నువ్వుగింజ నానదు గానీ చేతిలో పనితనముంది. అక్క పోయాక కూడా బావ ఇంటికి రోజూ రావడం మానలేదు, రోజూ ఏదో ఒకటి బాగుచేస్తానని పీకి పెట్టడమూ మానలేదు. కుర్చీ తిరగేసి కూర్చుని, వేళ్ళు మడిచాడు.

“చూడు బావా, నీ ముందు మూడు దారులున్నాయి. ఒకటి, ఇప్పుడున్న ఈ పాత సిస్టమ్. దీనికి కాలం చెల్లి ఆరేళ్ళు. కన్నవాళ్ళే వదిలేశారు. వైరస్ వస్తే అడిగే నాథుడు లేడు. ఇంటర్నెట్లో ఏ గడప తొక్కినా తలుపు మొహాన వేస్తున్నారు కదా? రెండు, అందరూ వాడే కొత్త సిస్టమ్. దాన్ని మోసే బలం నీ డబ్బాకి లేదు. ముసలెద్దుకి లారీ కట్టినట్టుంటుంది. మూడు, లినక్స్. తేలిక. తెలుగు లోపలే ఉంటుంది, ఏదీ ఎక్కించక్కర్లేదు. పైగా ఉచితం.”

“ఉచితమంటేనే నాకు అనుమానంరా.”

“గాలి కూడా ఉచితమే బావా. దాన్ని అనుమానిస్తున్నావా?”

అనేశాక బావమరిది నాలుక కరుచుకున్నాడు. ఇద్దరూ మంచం వైపు చూడకుండా ఉండటానికి చాలా కష్టపడ్డారు. గాలి అన్న మాట ఆ గదిలో అనకూడనిది.

ఆ మంచం కంప్యూటరు బల్లకు ఆనించి ఉంది. రెండేళ్ళ కిందటి దాకా దాని మీద ఆయన భార్య ఉండేది. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో పాతికేళ్ళు మాట్లాడుతూ బతికిన మనిషి. ఆమె ఇంట్లో ఉందో లేదో వీధి చివరి నుంచే తెలిసిపోయేది. అలాంటి మనిషికి గొంతులోనే గడ్డ పుట్టింది. డాక్టర్లు స్వరపేటిక మొత్తం తీసేసి, మెడ మీద రంధ్రం పెట్టి గొట్టం అమర్చారు. ఊపిరి ఆ గొట్టంలోంచే. కళ్ళె అడ్డం పడితే ఎవరో ఒకరు పక్కనుండి శుభ్రం చేయాలి. మాట ఇక లేదన్నారు. కాగితం మీద రాద్దామంటే మందుల వల్ల కుడిచెయ్యి వణికి కలం నిలిచేది కాదు.

అందుకని ఒత్తులాయన కీబోర్డు తీగకు ఇంకో తీగ కలిపి మంచం దాకా లాగాడు. తెర మంచం వైపు తిప్పాడు. ఏ మీటకు ఏ ముక్కో పెద్దక్షరాల్లో రాసి గోడకు అంటించాడు. ఆమె కీబోర్డు ఒళ్ళో పెట్టుకుని, ఎడమచేతి చూపుడు వేలితో ఒక్కొక్క మీటే వెతుక్కుని కొట్టేది. ఆ ఫైలుకు ‘మాటలు’ అని పేరు పెట్టారు. ఆయన నోటితో అనేవాడు, ఆమె తెర మీద అనేది. కాబట్టి ఆ ఫైలులో అన్నీ జవాబులే, ప్రశ్నలు లేవు.

ఒకే వేలు కదా, షిఫ్టు పట్టుకోవడం ఆమెకు కుదిరేది కాదు. ఒత్తులన్నీ ఎగరగొట్టేసింది. ‘ఉపు తకువ.’ ‘తముడు వచాడా.’ ‘ఆ చొకా వదు, నీలంది వేసుకోండి.’ లోకంలో ఇంకెవరి ఇంట్లోనైనా ఇది చెల్లేది. ఒత్తులాయన ఇంట్లో చెల్లుతుందా?

“ప కింద ప ఒత్తేదీ?” అనేవాడు, ఉప్పు సంగతి వదిలేసి.

ఆమె ఓ నిమిషం పాటు వెతికి వెతికి కొట్టింది. ‘గొంతే పోయింది, ఒతు పోతే ఏంటండీ.’

ఇద్దరూ నవ్వారు. ఆమె నవ్వుకు చప్పుడు లేదు, గొట్టంలోంచి ఈల లాంటిది వచ్చింది. అయినా ఆయన మానలేదు. ఏడాది పాటు, రోజుకు ఒక్కసారైనా, మూగబోయిన మనిషికి ఒత్తులు దిద్దాడు. ఇంతకంటే మూర్ఖుణ్ణి దీపం పెట్టి వెతికినా దొరకడు అనిపిస్తుంది గానీ, ఆయనకు వేరే ప్రేమ భాష రాదు మరి.

ఒక్కటే కంప్యూటరు, ఒక్కటే కీబోర్డు. పని వచ్చినప్పుడల్లా ఆమె ఒళ్ళోంచి కీబోర్డు తీసుకోవాల్సి వచ్చేది. మొదట్లో అడిగి తీసుకునేవాడు. తర్వాత్తర్వాత తీసుకునేవాడు, అంతే. ఆమె నోరు ఎత్తి తన బల్ల మీద పెట్టుకున్నట్టే కదా అన్న ఊహ ఆయనకు ఆ ఏడాదిలో ఒక్కనాడూ రాలేదు. వచ్చినప్పుడు ఆలస్యమైంది.

ఆ రోజు పురుగుమందు డబ్బా మీద అంటించే చీటీ. ‘పిల్లలకు అందనంత దూరంలో ఉంచండి’ అన్న లైను మూడుసార్లు మారింది. ప్రెస్సు నుంచి ఫోను మీద ఫోను. మంచం మీద ఆమె చెయ్యెత్తింది. మెడ దగ్గర వేళ్ళు ఆడించి, కీబోర్డు ఇమ్మన్నట్టు సైగ చేసింది. ఆయన తెర మీంచి కళ్ళు తిప్పకుండానే, “ఒక్క పది నిమిషాలు ఆగు,” అన్నాడు. పని అయ్యాక ఫైలు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుని, కీబోర్డు ఆమె ఒళ్ళో పెట్టి, “ఇదిగో, ఇప్పుడే ఇచ్చి వచ్చేస్తా, ఒక్క పది నిమిషాలు,” అంటూ చెప్పులేసుకున్నాడు. ఆమె ఏం కొడుతుందో చూడలేదు.

ప్రెస్సులో ప్రూఫు చూసి వెళ్ళమన్నారు. చూశాడు. ఒక ఒత్తు తప్పు పట్టుకున్నాడు కూడా. ఇంటికొచ్చేసరికి నలభై నిమిషాలు దాటింది. ఆమె గోడకు ఒరిగి ఉంది, పెదాలు నల్లబడ్డాయి. గొట్టం పూడుకుపోయింది. ఆస్పత్రిలో రెండు రోజులుంచి, పోయిందన్నారు.

అన్నీ అయిపోయి ఇంటికొచ్చిన రోజున కంప్యూటరు ఇంకా వెలుగుతూనే ఉంది. తెర మీద ‘మాటలు’ ఫైలు తెరిచి ఉంది. అడుగున ఆయన చదవని లైను ఒకటుంది. ఉందని మాత్రం చూశాడు. చూపు తిప్పుకుని మెషిన్ ఆపబోతే, మార్పులు దాచమంటావా అని అది అడిగింది. గోడకేసి చూస్తూ అవునన్నాడు.

ఆ తర్వాత రెండేళ్ళు ఆ ఫైలు తెరవలేదు. పొద్దున్నే కంప్యూటరు తెరవగానే తెర మీద ఎడమ మూలన ‘మాటలు’ ఉండేది. అప్పులవాణ్ణి చూసి వీధి మారేవాడిలా దాన్ని తప్పించుకుని పనిలో పడేవాడు. ఆ ఆఖరి లైనులో ఏముందో ఆయనకు తెలియాలి, తెలియకూడదు. తిట్టి ఉంటే భరించగలనా అనుకునేవాడు. తిట్టకపోతే అసలు భరించలేననీ అనుకునేవాడు. బావమరిదికి ఈ పది నిమిషాల సంగతి ఎప్పుడూ చెప్పలేదు. గొట్టం అడ్డం పడిందన్నాడు. అది అబద్ధం కాదు కూడా.

“సరే, లినక్సే పెట్టు,” అన్నాడు ఒత్తులాయన.

“అది మాట. డిస్కుని రెండు వాటాలు చేస్తా. ఒకదాంట్లో పాతది అలాగే ఉంటుంది, రెండోదాంట్లో కొత్తది. పొద్దున్నే ఏది కావాలంటే అది తెరుచుకోవచ్చు.”

“రెండు పడవల మీద కాళ్ళు నాకొద్దు. మొత్తం తుడిచేయ్.”

“తొందరెందుకు బావా? పాతది పడుంటే తప్పేముంది?”

తప్పేముందో చెప్పగలిగితే ఆయన ఒత్తులాయన ఎందుకవుతాడు? పొద్దున్నే ఆ మూల చూడలేకపోతున్నాను, నాకు ఖాళీ తెర కావాలి అనలేదు. “తుడవమన్నానా?” అన్నాడు విసుగ్గా.

“అక్క ఫైలు?”

“పెన్‌డ్రైవ్‌లో దాచాను. అన్నీ దాచాను.”

“మళ్ళీ ఒకసారి చూసుకో. తుడిచాక బ్రహ్మదేవుడు దిగొచ్చినా తేలేడు.”

“అన్నీ దాచానంటుంటే!”

నిజంగానే అన్నీ దాచాడు. ముప్పై ఏళ్ళ ప్రశ్నపత్రాలు, పెళ్ళిళ్ళు, చావులు, ఏ సంవత్సరానికి ఆ సంవత్సరం విడివిడిగా. ‘మాటలు’ కూడా. దాచనిది అక్షరాలను. రాసినవి ఒకచోట ఉంటాయి, వాటిని చూపించే ఫాంటు సిస్టమ్ లోపల ఎక్కడో ఉంటుంది. ఇల్లు మారేవాడు సామానంతా సర్దుకుంటాడు గానీ గోడలు సర్దుకోడు కదా. ముప్పై ఏళ్ళు అక్షరాల్లోనే బతికినవాడికి అక్షరాలు దాచుకోవాలని తోచలేదు. కొత్తదాంట్లో తెలుగు ఉంటుందిగా అని బావమరిది ధీమా. బావకు అన్నీ తెలుసులే అనుకున్నాడు. గంటన్నరలో పని అయిపోయింది. ఎడమ మూల ఖాళీగా ఉంది.

పదిరోజులు ఒత్తులాయన కొత్త అక్షరాలతో కుస్తీ పట్టాడు. ఇందులో ఒత్తు పెట్టక్కర్లేదు, అదే పడుతుంది. ఒత్తు తప్పే వీలే లేనప్పుడు ఇక ఒత్తులాయన దేనికి? పది లైన్లకు పూట పట్టేది. ప్రెస్సు యజమానురాలు మర్యాదస్తురాలు కాబట్టి ఏమీ అనలేదు, పనులు మాత్రం తగ్గించింది.

ఓ ఆదివారం పొద్దున బావమరిది వచ్చి, “అక్క ఫైలొకసారి తియ్యి బావా. నన్ను ఎన్నిసార్లు తిట్టిందో లెక్కపెట్టుకుంటా,” అన్నాడు. వద్దనడానికి కారణం దొరక్క ఒత్తులాయన పెన్‌డ్రైవ్ ఇచ్చాడు. ఫైలు తెరుచుకుంది. తెర నిండా ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, చుక్కలు, కామాలు. పిచ్చి పట్టినవాడి రాత.

“ఇదేంటి బావా?”

ఒత్తులాయన ఆ తెరను చూస్తూ కూర్చున్నాడు. మొదట ఆయనకు కలిగింది దుఃఖం కాదు, నిశ్చింత. హమ్మయ్య, ఇక చదవలేను, తప్పు నాది కాదు. అలా అనుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. మధ్యాహ్నానికల్లా ఆ నిశ్చింత పోయి ఆకలి లాంటిది పట్టుకుంది. ఎప్పుడు కావాలంటే అప్పుడు చదవగలిగిన రెండేళ్ళు చదవని లైను, ఇప్పుడు చదవకపోతే ఊపిరాడదన్నట్టు అయింది.

ఆ ఫాంటు అమ్మిన కంపెనీ మూతబడి పద్దెనిమిదేళ్ళు. దాన్ని ఎక్కించే సీడీ సొరుగులో దొరికింది గానీ గీతలు పడి దేనికీ పనికి రాలేదు. తుడిచిన డిస్కులోంచి తీస్తామనేవాళ్ళ దగ్గరికి వెళ్తే, పాత అక్షరాల మీద కొత్త సిస్టమ్ ఎక్కి కూర్చుందన్నారు. పాత టైపిస్టులు కొందరు పోయారు, కొందరు మారిపోయారు. చివరికి బావమరిది ఎక్కడి నుంచో అదే కాలపు ఫాంటు ఒకటి పట్టుకొచ్చాడు. ఎక్కించాక తెర మీద తెలుగొచ్చింది. ఒత్తులాయన ముందుకు వంగాడు. ‘మెడు గొఱషీ లుపౌ.’ ఒక్క మాటకూ అర్థం లేదు. భార్య మళ్ళీ నోరు తెరిచి ఏదో అంటున్నట్టూ, అది తనకు తెలిసిన భాష కానట్టూ అనిపించి ఆయన లేచి వాకిట్లోకి వెళ్ళిపోయాడు.

బావమరిది వెనకే వచ్చాడు. “దీంట్లో ముక్కలు వేరే మీటల మీద ఉన్నట్టున్నాయి బావా. నీదాంట్లో త ఏ మీట మీద ఉండేది?”

“ఏమో.”

“ముప్పై ఏళ్ళు కొట్టి ఏమోనా?”

“నాకు తెలీదురా. వేలికి తెలుసు.”

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

గోడ మీది కాగితం గుర్తొచ్చింది. ఆమె పోయిన వారంలోనే దాన్ని ఒత్తులాయన చింపి పారేశాడు. అరిగిన కీబోర్డు మీద ఇంగ్లీషు అక్షరాలు లేవు. బావమరిది కొట్టుకు పరిగెత్తి, అచ్చు చెదరని కీబోర్డు ఒకటి తెచ్చి బావ ముందు పెట్టాడు. తెచ్చిన ఫాంటు తీసేసి, మళ్ళీ ఇంగ్లీషు అక్షరాలొచ్చిన తెర దగ్గర తను కూర్చున్నాడు.

“చేతులు వాటి చోట పెట్టుకో. నేను తెర మీది అక్షరం చెప్తా. ఎక్కడుందో చూసుకుని ఎప్పట్లా కొట్టు. వేలేమంటుందో చెప్పు. చిన్న కె.”

ఒత్తులాయన కె వెతుక్కున్నాడు. వేలు దాని మీద పడింది. ఆయన పెదాలు కదిలాయి. “త.”

“చిన్న ఎ.”

“తలకట్టు.”

“చిన్న ఎమ్.”

“మ.”

“సెమీకోలన్.”

“కొమ్ము.” అంతవరకు వచ్చేసరికి ఇద్దరికీ తెలిసిపోయింది. మిగతాది ఒత్తులాయన గబగబా కొట్టేసి చదివాడు. “తముడు వచాడా.”

బావమరిది తల దించుకుని ఏడ్చాడు. కళ్ళు తుడుచుకుని, “మొదట్నుంచీ చదువుదాం బావా. ఎన్నాళ్ళు పడితే అన్నాళ్ళు,” అన్నాడు.

“ముందు ఆఖరి లైను చూడు.”

“ఆఖరిదెందుకు?”

“చూడరా.”

బావమరిది పేజీ అడుగుకు జరిపి ఒక్కొక్క గుర్తే చెప్పసాగాడు. ఒత్తులాయన కొట్టసాగాడు. ఈసారి పైకి చదవలేదు. ప తలకట్టు. ద గుడి. కాస్త ఖాళీ. న గుడి. మ గుడి. ష దీర్ఘం. ఆపేద్దామా అనుకున్నాడు. వేళ్ళు ఆగలేదు. ల తలకట్టు. య గుడి. సున్న. ద గుడి.

పది నిమిషాలయింది.

కిటికీ బయట ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు. ఒత్తులాయన చేతులు మీటల మీద అలాగే ఉన్నాయి. తిట్టలేదు. టైము చెప్పింది. పాతికేళ్ళు ఎక్స్ఛేంజీలో మీ టైము అయిపోయిందండీ అని చెప్పిన అలవాటు.

“ఇంకో మాటుంది బావా,” అన్నాడు బావమరిది. “చిన్న జి. చిన్న ఎ. చిన్న ఎల్.”

వ తలకట్టు. చ.

“ఇదేంటిది? పెద్ద ఎల్. ఫైలు మొత్తంలో పెద్దక్షరం ఇదొక్కటే ఉన్నట్టుంది.”

పెద్దక్షరం కావాలంటే షిఫ్టు పట్టుకోవాలి. ఒత్తులాయన ఎడమ చిటికెనవేలు షిఫ్టు మీదికి వెళ్ళింది, కుడిచేతి వేలు చ మీదికి వెళ్ళింది, అక్కడ రెండు చేతులూ ఆగిపోయాయి. చ ఒత్తు. ఏడాదంతా ఒక్కసారీ నొక్కని షిఫ్టును ఆ రోజు ఆమె నొక్కింది. వణికే కుడిచేతిని కూడా లేపి, రెండు చేతులూ కలిపి నొక్కింది. గొట్టం పూడుకుపోతుండగా, మెడ దగ్గర ఉండాల్సిన చేతులను తెచ్చి కీబోర్డు మీద పెట్టింది. ఎంతసేపు పట్టి ఉంటుందో ఒత్తులాయన కంటే బాగా తెలిసినవాడు లేడు. ఆ సేపంతా తను ప్రెస్సులో నిలబడి ఎవరిదో ఒత్తు దిద్దుతున్నాడు.

బావమరిది మిగతా మూడు గుర్తులూ చెప్పాడు. దీర్ఘం. ర. మళ్ళీ దీర్ఘం.

వచ్చారా.

“ఏం రాసింది బావా అక్క?”

ఒత్తులాయన జవాబు చెప్పడానికి నోరు తెరిచాడు. గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. రెండోసారి ప్రయత్నించాడు.

“ఒత్తు పెట్టిందిరా,” అన్నాడు. “సరిగ్గా పెట్టింది.”